ర్యాంకు ఎవరిని కొలుస్తోంది?

(హనుమకొండలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి నన్ను పిలిచినప్పుడు బాల్యవివాహాల మీద మాట్లాడమన్నారు. పరీక్షల మీద మాట్లాడతానన్నాను. ఫోన్లో అవతల కాసేపు నిశ్శబ్దం. నా దృష్టిలో ఈ రెండూ వేరు వేరు విషయాలు కావు. మన పల్లెల్లో ఆడపిల్ల చదువు ఎక్కువగా ఆగిపోయేది పది తర్వాతో, ఇంటర్ తర్వాతో. "దానికి సదువు ఒంటబట్టలే" అని ఇంటిల్లిపాదీ తేల్చేసేది ఫలితాలు వచ్చిన రోజునే. ఆ తర్వాత నెల తిరక్కుండా సంబంధాలు చూడడం మొదలవుతుంది. అందుకని ఆ కాగితం మీది అంకె పిల్ల గురించి నిజంగా ఏం చెబుతోందో మనకు తెలిసి ఉండాలి.

మా ఇంటి సంగతే చెప్తాను. తొంభైల చివర్లో మా అన్నయ్య ఎంసెట్ రాశాడు. ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి గుంటూరు పంపారు. మరుసటి ఏడు నేను రాశాను. ఇంటర్లో అన్నయ్య కంటే నాకే మార్కులు ఎక్కువ. ఎంసెట్లో మాత్రం అతని మొదటిసారి ర్యాంకు లాంటిదే నాకూ వచ్చింది. అదే ఎండాకాలం రెండోసారి రాసిన అన్నయ్యకు మంచి ర్యాంకు వచ్చింది. అతను ఇంజనీరింగ్‌కి, నేను డిగ్రీకి. "వానికి లెక్కల బుర్ర ఉంది" అని మా నాన్న చాలా ఏళ్లు చెప్పుకున్నారు. పది నెలల పాటు పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా బిట్లు చేయించి తయారుచేసిన బుర్ర అది. ఆ ఏడు అమ్మిన ఎకరం చెలక సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నేను తర్వాత డాక్టరేట్ చేశాను కదా, ఇంకేం బాధ అని అన్నయ్యే నన్ను వేళాకోళం చేస్తుంటాడు. నా బాధ నా సీటు గురించి కాదు. నాకు తెలివి తక్కువని చాలా కాలం నేనే నమ్మాను. దాని గురించి.

ఎంసెట్ 1986లో మొదలైంది. 2024 నుంచి తెలంగాణలో దాని పేరు ఈఏపీసెట్ అయినా జనం నోట ఇప్పటికీ ఎంసెటే. ఇంజనీరింగ్ పేపరులో 160 ప్రశ్నలు: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. సమయం మూడు గంటలు. ఒక్కో ప్రశ్నకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. ఆ వ్యవధిలో ఎవరూ ఆలోచించలేరు, గుర్తుపట్టగలరు అంతే. ఇలాంటి లెక్కను అంతకు ముందు వందసార్లు చేసిన చెయ్యి నాలుగు జవాబుల్లో ఒకదాన్ని పట్టుకుంటుంది. అది కూడా ఒక నైపుణ్యమే, కాదనను. కానీ ఆ వందసార్లు చేయడానికి డబ్బు కావాలి, హాస్టలు కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఇంటి పని లేని సమయం కావాలి. ఇక ర్యాంకు లెక్క చూడండి. లక్షన్నరకు పైగా పిల్లలు రాసే పరీక్షలో ఉన్నవి 160 మార్కులే. ఎక్కువ మంది గుమిగూడే నడిమి మార్కుల దగ్గర ఒక్క ప్రశ్న తేడాకు వేల ర్యాంకులు అటూఇటూ అవుతాయి. ఒక్క బిట్టు తప్పిన పిల్లకూ తప్పని పిల్లకూ తెలివిలో వేల మెట్ల తేడా ఉందని మనం నమ్ముతున్నాం!

నర్సంపేట వైపు ఒక తండాలో నాకు బాగా తెలిసిన అమ్మాయి ఉంది. తెలుగు మీడియంలో పది చదివి, ఇంటర్ ఇంగ్లీషు మీడియంలో చేరింది. త్వరణం, ద్రవ్యవేగం అంటే ఆమెకు తెలుసు, ఇంగ్లీషు మాటలు అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. దసరా దాటితే పత్తి ఏరాలి. సంక్రాంతి తర్వాత మిర్చి. ఇంటర్ ప్రాక్టికల్సూ, వార్షిక పరీక్షలూ సరిగ్గా మిర్చి కోతల్లోనే వస్తాయి. తల్లి కూలికి పోతే వంటా, తమ్ముళ్లూ ఈమె మీద. కూలి ఎక్కువ దొరికే రోజుల్లో ఈమె కూడా చేనుకే. అయినా ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. రెండేళ్లలో దొరికిన ప్రతి గంటనూ కూడబెట్టుకుని చదివింది. ఎంసెట్లో ర్యాంకు లక్ష దాటింది. నన్నడిగితే ఆ రెండు అంకెల్లో ఆమె సామర్థ్యానికి దగ్గరగా ఉన్నది మొదటిదే.

ఆమె ఒక్కతే అయితే ఇక్కడ చెప్పేదాన్ని కాదు. తెలంగాణలో ఇంటర్ ఉత్తీర్ణతలో అమ్మాయిలు ఏటా అబ్బాయిల కంటే ముందుంటున్నారు. ఎంసెట్ ఇంజనీరింగ్ మొదటి పది ర్యాంకుల్లో మాత్రం తరచు ఒకరిద్దరే కనిపిస్తారు. ఒకప్పుడు ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. కరోనా ఏళ్లలో దాన్ని పక్కన పెట్టి, 2023లో పూర్తిగా ఎత్తేశారు. వేర్వేరు బోర్డుల పిల్లలకు ఇబ్బంది అన్నారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ రెండేళ్ల నిలకడైన చదువుకున్న విలువ సున్నా అయితే ఎవరికి నష్టమని అడిగినవాళ్లు నాకైతే కనబడలేదు. మనమూ అడగలేదు. మహిళా సంఘాలుగా అది మన తప్పిదమే అనుకుంటున్నాను.

ఇలాంటి ప్రశ్న న్యూయార్కులో కోర్టుకెక్కింది. ఆ రాష్ట్రం ప్రతిభా స్కాలర్‌షిప్పులను ఎస్.ఎ.టి. అనే పరీక్ష మార్కుల మీదే ఇచ్చేది. బళ్లో అబ్బాయిలతో సమానంగానో ఇంకా మెరుగ్గానో మార్కులు తెచ్చుకున్న అమ్మాయిలు ఆ పరీక్షలో సగటున 60 పాయింట్ల దాకా వెనకబడేవారు. 1989లో ఫెడరల్ న్యాయమూర్తి ఇది లింగవివక్ష అని తీర్పిచ్చాడు. ఆ పరీక్షను తయారు చేసింది కాలేజీలో మొదటి ఏడు ఎలా నెట్టుకొస్తారో అంచనా కట్టడానికి. హైస్కూల్లో సాధించినదానికి బహుమతి ఇవ్వాలంటే హైస్కూలు మార్కులను కూడా చూడాలి కదా అన్నది ఆయన తర్కం. ఒక పనికి చేసిన తూకపురాయితో ఇంకో సరుకు తూచకూడదని మన ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకునే రైతుకు కూడా తెలుసు.

ఇక్కడ కొందరు దళిత మిత్రులు నాతో గొడవపడతారు, పడాలి కూడా. పేరు కనబడని జవాబుపత్రానికి కులం తెలియదు, మౌఖిక పరీక్షలూ సిఫారసులూ వస్తే మా పిల్లలే ముందు పోతారు అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. అందుకే పరీక్షలు రద్దు చేయాలని అనడం లేదు. అయితే ఆ జవాబుపత్రం కూడా ఎప్పుడూ గుడ్డిది కాదు. టోక్యోలో ఒక వైద్య విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి ప్రవేశపరీక్షలో అమ్మాయిల మార్కులను లోపాయికారీగా తగ్గించిందని 2018లో బయటపడింది. ఇక్కడ మనకు 2016లో ఎంసెట్-2 మెడికల్ పేపరు లీకై, పిల్లలు మళ్లీ రాయాల్సి వచ్చింది.

అన్నిటికంటే 2019 ఏప్రిల్ 18ని మనం మరిచిపోకూడదు. ఆ రోజు ఇంటర్ ఫలితాలొచ్చాయి. మంచి మార్కుల అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. తర్వాత చూస్తే అది 99. పరీక్ష రాసినవాళ్లకు గైర్హాజరు పడింది. ఫెయిలైనవాళ్లు మూడు లక్షల పైనే. కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పు సరిచూసుకోవాలంటే పేపరుకు 600 రూపాయలు కట్టాలి. తల్లిదండ్రులు హైదరాబాదులో బోర్డు ముందు కూర్చున్నాక గానీ ఫెయిలైనవాళ్ల పేపర్లు ఉచితంగా మళ్లీ చూస్తామనలేదు. చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. బోర్డు మార్కులు పవిత్రమైనవని కూడా నేను ఎందుకు అననో అర్థమైంది కదా! ఆ వారం నేను కలిసిన ఒక తల్లి అన్న మాట: "కంప్యూటర్ తప్పుజేస్తదని మాకెవ్వలు చెప్పలే." ఆ ఇంట్లో తండ్రి పిల్లనే కొట్టాడు.

2018లో ఐఐటీలు, ఎన్‌ఐటీలు అమ్మాయిలకు అదనపు సీట్లు పెట్టినప్పుడు ప్రతిభ మంటగలిసిందని పత్రికలకు ఉత్తరాలు రాశారు. 2016లో ఐఐటీల్లో చేరినవారిలో అమ్మాయిలు 8 శాతం చుట్టూ ఉండేవారు, ఇప్పుడు దాదాపు 20. మన కాజీపేట దారిలో ఎన్‌ఐటీ గేటు ముందు సాయంత్రం నిలబడితే ఆ తేడా కళ్లకు కనబడుతుంది. ఆ క్లాసురూములేం కూలిపోలేదు.

ఇక పని సంగతి. ఇంటర్ ఫలితాలొచ్చాక రీవెరిఫికేషన్‌కి గడువు కొద్ది రోజులే. మార్కులు అనుమానంగా ఉన్న పిల్లలకు ఆ ఫీజు సంఘం నిధి నుంచి కడదామని నా ప్రతిపాదన. ఫెయిలైతే ఏడాది పోయిందనుకుంటారు. సప్లిమెంటరీ వెంటనే ఉంటుందని, అందులో పాసైతే ఏడాది వృథా కాదని ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు స్త్రీలకని, ర్యాంకు లక్ష దాటినా సీటు ఆశ వదులుకోనక్కర్లేదని చాలా ఇళ్లల్లో తెలియదు. నేను చెప్పిన తండా అమ్మాయి ఇంట్లోనూ తెలియదు. గడువు అయిపోయాక తెలిసింది.

ఫలితాల రోజు, ఆ మర్నాడు ప్రతి ఊళ్లో మనవాళ్లు ఒకరైనా ఉండాలి. తలుపు దగ్గర బల్ల మీద మండలాల వారీగా కాగితాలు పెట్టాను. నర్సంపేట, ములుగు, ఏటూరునాగారం కాగితాల్లో ఇంకా ఒక్క పేరూ పడలేదు. భోజనానికి వెళ్లే ముందు చూడండి.