జవాబు సరే, స్టెప్పులేవి?



ఈ బడిలో మా లెక్కల సారు నా పేపరు మీద ఎర్రసిరాతో రాసిన మాట ఇప్పటికీ గుర్తుంది: "జవాబు సరే, స్టెప్పులేవి?" పదికి నాలుగు మార్కులే వేసిండ్రు. ఆ రోజు కోపమొచ్చింది. ఆ మాట విలువ, ముప్పై ఏళ్లు ఇంజనీరుగా పనిచేసినంక, ఒక బోరు నీళ్ల లెక్క దగ్గర తెలిసింది.

మన నల్లగొండకు ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పే పని లేదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు వంగిన నడుములను మనమంతా చూసినవాళ్లమే. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే, దానికి 'నల్గొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పడ్డది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు.

ఆమధ్య నేనూ, ఇక్కడే కూర్చున్న మా బ్యాచ్ దోస్తూ కొన్ని ఊళ్ల బోరు నీళ్ల పరీక్ష ఫలితాలను లెక్కగట్టే పని పెట్టుకున్నం. దానికి జూపిటర్ నోట్‌బుక్ వాడినం. అది కంప్యూటర్‌లో లెక్కల నోటుబుక్కు లాంటిది. ఒక్కో గడిలో నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసి నడిపితే, జవాబు దాని కిందే వస్తుంది.

ఒక బోరుకు నా దగ్గర 2.6 వచ్చింది. ఫైలు మావాడికి పంపిన. తెరవగానే వాడికీ 2.6 కనిపించింది; మొదటి నుంచి నడిపితే మాత్రం 1.3 అయింది. ఒకటే ఫైలు, ఒకటే నీళ్లు. ఒక జవాబు తాగొద్దంటుంది, ఇంకోటి తాగొచ్చంటుంది.

రెండు రాత్రులు వెతికినం. పైథాన్ వర్షన్ వేరేమో అని చూసినం. పట్టికను వరుస వరుసా పోల్చినం. అన్నీ ఒకటే. చివరికి నా కంప్యూటర్‌లో గళ్ల పక్కనున్న నంబర్లు చూసిన. గడి నడిపినప్పుడల్లా ఒక వరుస నంబరు పడుతుంది. 1, 2, 3, 4, తరువాత 6. మరి 5 ఏది?

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పరీక్ష కొంత మోతాదు వరకే సరిగా కొలుస్తుంది. అందుకని ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నమూనాల్లో సగానికి సగం డిస్టిల్డ్ నీళ్లు కలిపిండ్రు. వాటి ఫలితాన్ని రెండుతో గుణించాలె. ఆ పని చేసింది ఐదో గడి. నడిపినంక, ఫైలు నీటుగా కనబడాలని నేనే దాన్ని తీసేసిన. గడి పోయింది గాని, అది చేసిన లెక్క కంప్యూటర్ మెమరీలో ఉండిపోయింది. అంతా మూసి మళ్లీ మొదటి నుంచి నడిపితే నా దగ్గర కూడా 1.3 వచ్చింది.

ఆ గడిని మళ్లీ రాసినం. పొరపాటున రెండుసార్లు నడిపితే 5.2 కాకుండా, గుణించిన ఫలితం వేరే పేరుతో దాచినం.

నా జవాబు సరైనదే. కాని స్టెప్పు లేని ఆ ఫైలును నమ్మితే, ఒక ఊరు ఆ నీళ్లు తాగేది.

అప్పటి నుంచి 'రీస్టార్ట్ అండ్ రన్ ఆల్' నొక్కి, మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడకుండా ఏ ఫైలూ బయటికి పంపుతలేను. కోత పెట్టిన ఆ ఆరు మార్కులకు, సార్, ఇన్నేళ్లకు దండం పెడుతున్న.

సెలవు.