ఐదు మంచాలకు ఒక ఇల్లు
(మన ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



కమిటీ వాళ్లు నాకిచ్చిన అంశం 'మార్క్సిజం, ప్రాచీన గ్రీకుల ఆలోచన'. నేను చదివింది సివిల్ డిప్లొమా, నిలబడేది సైట్ మీద. అందుకని మన పనికి దగ్గరగా ఉన్న కొసనుంచే దీన్ని పట్టుకుంటాను. రాజకీయ ఉపన్యాసం అనుకోకండి.

మార్క్స్ అనగానే మనవాళ్లకు ఎర్రజెండా, ఫ్యాక్టరీ, సమ్మె గుర్తొస్తాయి. ఆయన చదువు మాత్రం గ్రీకుల దగ్గర మొదలైంది. 1841లో, 23 ఏళ్లు నిండకముందే, యేనా విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేట్ ఇచ్చింది. థీసిస్ దేని మీదంటే, డెమోక్రిటస్, ఎపిక్యురస్ అనే ఇద్దరు గ్రీకుల అణువాదాల మధ్య తేడా మీద. లోకమంతా అణువులే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. డెమోక్రిటస్ లెక్కలో జరిగేదంతా జరగక తప్పనిదే. ఎపిక్యురస్ మాత్రం, అణువు కిందికి పడుతూ కాస్త పక్కకి ఒరుగుతుంది అన్నాడు. మనిషి స్వేచ్ఛకి చోటు ఆ కాస్త ఒరుగులో ఉందని కుర్ర మార్క్స్‌కి తోచింది. ఏ కష్టమొచ్చినా తలరాత అనుకునే ఊళ్ల నుంచి వచ్చినోళ్లం కదా, నాకు ఈ సంగతి భలే నచ్చింది.

ఇక అసలు విషయం అరిస్టాటిల్. ఆయన నీతిశాస్త్రంలో ఒక లెక్క వేశాడు. ఇల్లు కట్టేవాడు ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడు ఉన్నాడు. ఒకరి సరుకు ఒకరికి కావాలి. ఎన్ని జతల చెప్పులకు ఒక ఇల్లు? ఇంకోచోట, ఐదు మంచాలు ఒక ఇంటికి సమానం అంటాడు. మరి మంచానికీ ఇంటికీ పోలికేముంది? రెండింటిలో సమానమైనది ఏదో ఒకటి ఉంటేనే కదా కొలవగలం? అంతదాకా వచ్చి ఆయన ఆగిపోయాడు. నిజానికి అవి కొలవదగ్గవి కావు, అవసరం కోసం డబ్బుతో సరిపెట్టుకుంటున్నాం అని వదిలేశాడు.

మార్క్స్ 1867లో వచ్చిన 'కాపిటల్' మొదటి అధ్యాయంలోనే ఈ లెక్క తీసుకున్నాడు. అరిస్టాటిల్‌ని మేధావి అని మెచ్చుకుని, ఆయన ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో చెప్పాడు. రెండింటిలో సమానంగా ఉన్నది మనిషి శ్రమ. వడ్రంగి శ్రమ, మేస్త్రీ శ్రమ ఒకే తూకపు రాళ్లతో తూగేవే. అది అరిస్టాటిల్‌కి కనపడలేదు, ఎందుకంటే ఆయన ఊరు బానిసల మీద నడిచే ఊరు. మనుషులే సమానం కానిచోట వాళ్ల శ్రమ సమానమని తోచేదెట్లా?

ఇక్కడ నాకు మార్క్స్‌తో చిన్న పేచీ ఉంది. ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ మీద ఎరెక్తియాన్ అనే గుడి ఉంది. క్రీ.పూ. 409 తర్వాత దాని మిగిలిన పని పూర్తిచేస్తూ, ఖర్చుల లెక్కలు రాళ్ల మీద చెక్కించారు. మన మస్టర్ రోల్ లాంటివే, కాకపోతే రాతి మీద. పౌరులు, బయటి ఊళ్లవాళ్లు, బానిసలు ఒకే సైట్ మీద పక్కపక్కన స్తంభాలకు గాడులు చెక్కారు. రోజు కూలి అందరికీ ఒక ద్రాక్మా. పని చూసే ఆర్కిటెక్ట్‌కీ రోజుకు ఒక ద్రాక్మానే! బానిస కూలి చాలావరకు యజమాని సంచిలోకే పోయేదనుకోండి, అది వేరే మాట. అరిస్టాటిల్ పుట్టకముందే ఒకే పనికి ఒకే రేటు అని రాతి మీద రాసిపెట్టారన్నమాట. అరిస్టాటిల్ ఏళ్ల తరబడి అదే ఊళ్లో ఉన్నాడు. కాబట్టి కాలం మాత్రమే కళ్లకు అడ్డం కాదు, మనిషి నిలబడ్డ చోటు కూడా అడ్డమే అని నా అభిప్రాయం.

ఈ మాట ఎందుకు పట్టుకున్నానంటే, పోయిన ఏడాది మన తమ్ముడొకడు నన్ను అడిగాడు. "అన్నా, నేనూ వాడూ ఒకే స్లాబుకు ఒకే రాడ్డు కడతాం. వాడి పాస్‌పోర్టు వేరే అయినందుకు వాడికి ఎక్కువా, నాకు తక్కువా?" కంపెనీ పేరు మనకొద్దు. చాలాచోట్ల ఉన్న ముచ్చటే. రేటు పని మీద కాదు, వాడి ఊళ్లో కూలి ఎంత, ఏజెంట్‌కి ఎంత అప్పు పడ్డాడు అన్నదాని మీద నిలబడుతుంది. రెండున్నర వేల ఏళ్ల కిందటి రాతి లెక్క మాత్రం, మనిషి ఎవడైతేనేం, రోజు రోజే అంటోంది.

ఇంకో సంగతి మీకు వింతగా ఉంటుంది. అరిస్టాటిల్ కూడా వలస మనిషే. ఆయనది ఉత్తరాన స్టాగిరా అనే ఊరు. ఏథెన్స్‌లో అట్లాంటివాళ్లను 'మెటిక్' అనేవాళ్లు. ఓటు లేదు, సొంతానికి భూమి కొనరాదు. ఏడాదికి మగవాళ్లు 12 ద్రాక్మాల పన్ను కట్టాలి, పూచీకి ఒక స్థానిక పౌరుడు ఉండాలి. మనకు తెలిసిన మాటలో కఫీల్ అనుకోండి. ఇక్కడి స్పాన్సర్ పద్ధతి బానిసత్వానికి పెద్ద దూరం కాదని 2009లో ఆనాటి బహ్రెయిన్ కార్మిక మంత్రే అని, ఉద్యోగం మారే నియమాల్లో మార్పు తెచ్చారు. అంత పెద్ద పండితుడు అరిస్టాటిల్, తను కూడా సగం హక్కుల మనిషే అయి ఉండి, కొందరు పుట్టుకతోనే బానిసలు అని రాశాడు.

మాటలో మాట, గ్రీకులకు మన బహ్రెయిన్ కూడా తెలుసు. టైలోస్ అనేవాళ్లు. అలెగ్జాండర్ పంపిన ఓడలవాళ్లు ఇటు వచ్చి చూసిపోయారు. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ చెట్ల గురించిన తన పుస్తకంలో ఈ దీవిలో పత్తి పండుతుందని రాశాడు. మామీర్‌లో ఇప్పుడు పత్తి చెట్టు వెతికితే షెడ్లూ రిఫైనరీ పొగా తప్ప ఏమీ దొరకవు.

పుట్టుకతోనే అన్న మాట మనకు కొత్తదేం కాదు. ప్లేటో తన 'రిపబ్లిక్'లో, దేవుడు కొందరిలో బంగారం, కొందరిలో వెండి, మిగిలినవాళ్లలో ఇనుము, కంచు కలిపాడని ప్రజలకు కథ చెప్పాలంటాడు. అది చదివితే మనకు వర్ణాలు గుర్తురాక మానవు. ఆ పుస్తకంలోని పని విభజన ఈజిప్టు కులవ్యవస్థకు మెరుగు పెట్టినట్టుందని మార్క్స్ కూడా అన్నాడు. మా తెలంగాణలో వెట్టిని ఇట్లాగే ఖర్మ అన్నారు. దొర గడీలో కూలి లేకుండా చాకిరీ చేయడం కొన్ని కులాల పుట్టుక రాత అన్నారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు చనిపోయాక ఆ రాత చెరగడం మొదలైంది. అప్పుడు సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మార్క్స్‌ని చదివినోళ్లు కాదు. అణువు ఒరిగింది, అంతే.

అరిస్టాటిల్ ఇంకో మాట అన్నాడు. మగ్గం కండె తనంతట తానే నేస్తే యజమానులకు బానిసల అవసరమే ఉండదు అని. మార్క్స్ ఆ మాట ఎత్తి చూపించి, యంత్రాలు వచ్చాయి, పని గంటలు తగ్గకపోగా పెరిగాయి అన్నాడు. కాంక్రీట్ పంపు రాకముందు ఒక స్లాబుకు ఎంతమంది తట్టలు మోసేవాళ్లో పాత మేస్త్రీలను అడగండి. పంపు వచ్చింది, మనుషులు తగ్గారు. మిగిలినవాళ్ల గంటలు తగ్గాయా? ఇక్కడ 2007 నుంచి ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయట పని ఆపాలన్న నియమం ఉంది. అది యంత్రం ఇచ్చిన తీరిక కాదు, చట్టం పెట్టి ఇప్పించిన తీరిక.

చివరిది నా గురించే, అంటే సూపర్‌వైజర్ల గురించి. 'కాపిటల్' మూడో సంపుటంలో అజమాయిషీ జీతం గురించి రాస్తూ మార్క్స్ మళ్లీ అరిస్టాటిల్ దగ్గరికే వెళ్లాడు. స్తోమత ఉన్న యజమాని బానిసల మీద అజమాయిషీ ఒక పెద్ద పనివాడికి అప్పజెప్పి, తను రాజకీయమో తత్వమో చూసుకుంటాడు అంటాడు అరిస్టాటిల్. ఆ పెద్ద పనివాడే నేను. మార్క్స్ ఈ పనిని రెండు ముక్కలుగా చూశాడు. పదిమంది కలిసి పనిచేసేచోట ఎవరో ఒకరు వరస చెప్పాలి, వాద్య బృందానికి ఉన్నట్టు. అది ఎప్పుడూ ఉండాల్సిన పనే. రెండో ముక్క, మనిషి నుంచి ఇంకా ఎంత పిండొచ్చో చూడటం. అది యజమాని, కూలీ ఉన్నచోటే పుడుతుంది.

సైట్ మీద ఈ రెండూ ఒకే చేతిలో ఉంటాయి. షట్టరింగ్‌కి సపోర్టులు సరిగ్గా ఉన్నాయా అని చూసేది నేనే, టైమ్‌షీట్‌లో గంటలు రాసేదీ నేనే. మొదటిదాంట్లో నా మాట వినండి, లేకపోతే ప్రాణాలు పోతాయి. రెండోదాంట్లో నన్ను గుడ్డిగా నమ్మొద్దు, ఏ సూపర్‌వైజర్‌నీ నమ్మొద్దు. ఏథెన్స్ వాళ్లు రాతి మీద చెక్కారు, మనకు జేబులో పట్టే నోటు బుక్కు చాలు. తారీఖు, ఎక్కిన టైము, దిగిన టైము, ఓవర్‌టైమ్ ఎవరిది వాళ్లు రాసుకోండి. చదువురానివాళ్లకు పక్క బెడ్డు తమ్ముడు రాసిపెట్టాలి. జీతాల మాట వచ్చినప్పుడు ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికే రండి.

రంగనాయకమ్మ గారు 'కాపిటల్'కి తెలుగులో రాసిన పరిచయం ఉంది. ఊరికి పోయి వచ్చేవాళ్లు ఎవరైనా ఒక సెట్టు తెస్తే శుక్రవారాలు కూర్చుని కలిసి చదువుదాం. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.