ఇంగ్లీషు చదవడం, రాయడం – మన పిల్లలు, మన బాధ్యత
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని ఆజ్ఞాపించారు. ఉర్దూ మాధ్యమ బడి పంతులు ఇంగ్లీషు గురించి మాట్లాడటమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. కాని ఆ భాష రాక మన పిల్లలు ఎక్కడెక్కడ తట్టుకొని పడుతున్నారో రోజూ కళ్లారా చూసేవాళ్లం మేమే కదా. అందుకని ఈ విషయమే ఎంచుకున్నాం.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది. కొన్నేండ్ల కింద మా దగ్గర చదివిన ఒక అబ్బాయి పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంగ్లీషులో కూడ మంచి మార్కులే. ఇంటర్‌లో చేరాడు. అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. మూడు నెలలు తిరక్కుండానే కాలేజీ మానేశాడు. తర్వాత ఒకనాడు మగ్రిబ్ నమాజు అయినాక మా ఇంటికి వచ్చి, జేబులోంచి ఒక కాగితం తీసి, "సర్, జర ఇది చదివి చెప్తరా? గల్ఫ్ పోతున్న" అన్నాడు. అది పని ఒప్పందం కాగితం. జీతం ఇంత అని పైన ఉన్నది. తిండి ఖర్చు ఆ జీతంలోనే కోస్తారని కింద ఉన్నది. ఆ కింద అతని దస్తఖత్ కూడ ఉన్నది. "బేటా, సంతకం చేసే ముందు రావద్దా?" అన్నాం. తల వంచుకొని, "ఇంగ్లీషుల మీరే నాకు మంచి మార్కులు ఏసిన్రు సర్, మళ్లీ మిమ్మల్ని అడగాలంటే శరమైంది" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ మార్కులు ఎట్లా వచ్చినవో మాకు తెలుసు. పాఠం మేమే చదివినాం, మేమే ఉర్దూలో తర్జుమా చేసినాం, ప్రశ్నలకు జవాబులు మేమే బోర్డు మీద రాసినాం. పిల్లలు వాటిని కాపీలో ఎక్కించుకొని, బట్టీ పట్టి, పరీక్షలో దించినారు. ఇన్నేండ్లలో ఆ అబ్బాయి తనంతట తాను ఒక్క పేజీ చదివి అర్థం చేసుకోలేదు. ఒక్క వాక్యం సొంతంగా రాయలేదు. మన నిజాంసాగర్ కాలువ సంగతి మీకు తెలియనిది కాదు. తూము ఎత్తినంత మాత్రాన చివరి మడికి నీళ్లు అందినట్లు కాదు. మేము తూము ఎత్తి చేతులు దులుపుకున్నాం.

ఇంగ్లీషు నేర్చుకుంటే ఉర్దూ పోతుందని భయపడేవారు మనలో ఉన్నారు. ఉర్దూ ఉన్నంతకాలం ఇంగ్లీషు రాదని బడి మార్చేవారూ ఉన్నారు. రెండూ సరికాదని మా అభిప్రాయం. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు బోధన అంతా ఉర్దూలోనే. దానికోసం తర్జుమా శాఖ పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చినారు. అయినా ఇంగ్లీషును మాత్రం ప్రతి విద్యార్థికీ తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచినారు. అంటే మన పెద్దలు ఈ రెండు భాషలనూ సవతులుగా చూడలేదు. 1958లో ఇంగ్లీషు బోధన కోసమే ఒక కేంద్ర సంస్థ హైదరాబాదులోనే వెలిసింది. అదే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. ఇంత దగ్గర దీపం ఉండి కూడ మన బస్తీలో చీకటి ఉండటం మన లోపమే.

మన పిల్లలకు ఇంగ్లీషు కష్టమని అంటారు. కష్టం ఎక్కడున్నదో తెలిస్తే సగం తీరినట్లే. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తాం, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి. చిన్న పిల్లలు ఇంగ్లీషు కాపీని వెనుక వైపు నుంచి తెరవడం మేము చూస్తుంటాం. చిన్న 'బీ', చిన్న 'డీ' అద్దంలో బొమ్మల్లాంటివి, కాబట్టి తారుమారు చేస్తారు. అది తెలివితక్కువతనం కాదు, చేతి అలవాటు. కొట్టితే పోదు, నాలుగు గీతల కాపీలో రోజూ నింపాదిగా రాయిస్తే పోతుంది. మనకు 'వీ'కి, 'డబ్ల్యూ'కి ఒక్క 'వావ్' అక్షరమే కాబట్టి అక్కడ తికమక పడతారు. స్కూల్‌ను 'ఇస్కూల్' అని పలికి, రాసేటప్పుడు కూడ ముందు 'ఐ' చేర్చేస్తారు. ఇవన్నీ దిద్దదగినవే.

కష్టం చెప్పినట్లే మన పిల్లల బలం కూడ చెప్పాలి. ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి అని అందరూ మొత్తుకుంటారు. మన పిల్లలకు అది కొత్తనా? 'ఖ్వాబ్' అని రాసి 'ఖాబ్' అంటాం. నడుమ 'వావ్' ఉన్నది కాని నోటికి రాదు. 'జ' శబ్దం ఒక్కటే అయినా 'జే', 'జాల్', 'జ్వాద్', 'జోయ్' అని నాలుగు అక్షరాలున్నవి. ఏ మాటకు ఏ అక్షరమో గుర్తుపెట్టుకొనే ఇమ్లా రాస్తున్నారు. అట్లాంటి పిల్లలకు 'నైఫ్' మాటలో పలకని 'కే' ఒక లెక్కా?

ఇంకొక బలం ఖాయిదా. మౌల్వీసాబ్ దగ్గర కూర్చున్న పసివాడు అక్షరానికి జబర్, జేర్, పేష్ చేర్చి శబ్దం పలుకుతూ హిజ్జే చేస్తాడు. ఇంగ్లీషులో మాత్రం మేము 'సీ, ఏ, టీ – క్యాట్' అని అక్షరాల పేర్లు పలికిస్తున్నాం. పేర్లు కలిపితే మాట ఎట్లా వస్తుంది? 'క్, యా, ట్' అని శబ్దాలు కలిపితేనే మాట వస్తుంది. ఖాయిదా పద్ధతి ఇంగ్లీషుకు పెట్టి చూసినాం. అక్షరం ముక్క రాదనుకున్న పిల్లలు కూడ చిన్న చిన్న మాటలు తామే చదివి, మా మొహం వైపు చూసి నవ్వినారు. ఆ నవ్వు మాకు ఇనాం.

అయితే ఒక జాగ్రత్త. శబ్దం వచ్చినంత మాత్రాన చదువు వచ్చినట్లు కాదు. పేజీ అంతా గడగడ చదివి, "ఏమున్నది బేటా ఇందులో?" అంటే నోరు తెరవని పిల్లలు ఉన్నారు. పవిత్ర గ్రంథ పారాయణకు అర్థం తెలియకున్నా పుణ్యం ఉన్నది. బ్యాంకు కాగితానికి, ఒప్పందం కాగితానికి ఆ పుణ్యం లేదు. అక్కడ అర్థం తెలియకపోతే నష్టమే. అందుకే ఏది చదివించినా చివర ఒక్క ప్రశ్న అడగాలి: "ఏం చెప్పిండు?" జవాబు ఉర్దూలో చెప్పినా పరవాలేదు, తెలుగులో చెప్పినా పరవాలేదు.

ఎన్ని మాటలు నేర్వాలి అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఒకప్పుడు ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే విద్యావేత్త బెంగాల్ పిల్లలకు ముందు చదవడం నేర్పాలని వాదించినాడు. 1953లో అతను వెలువరించిన పట్టికలో అతి ముఖ్యమైన మాటలు సుమారు 2000. ఇప్పుడు లెక్క వేయండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా 220 పని దినాలు ఉండాలి. రోజుకు మూడే మూడు మాటలు నేర్చుకుంటే ఏడాదికి 660, మూడేండ్లకు 1980. ఇది పర్వతమా? రోజుకు మూడు మాటలు! కాని నేర్చిన మాటలు మళ్లీ మళ్లీ కంటపడాలి. పాఠ్యపుస్తకం ఒక్కటే ఉన్న ఇంట్లో అవి ఎట్లా కంటపడతవి?

రాత సంగతి కూడ ఇంతే. వ్యాసాలు బట్టీ పెట్టించడం మానినాం. రోజూ మూడు వాక్యాలు, సొంతవి రాయమంటున్నాం. ఒక అమ్మాయి, "మా నాయన సౌదీల ఉన్నడు. శుక్రవారం ఫోన్ చేస్తడు. అమ్మ ఏడుస్తది" అనే అర్థం వచ్చేటట్లు రాసింది. అందులో తప్పులు నాలుగున్నవి. మేము ఒక్కటే దిద్దినాం. అన్ని తప్పులకూ ఎర్ర సిరా పూస్తే పిల్ల మళ్లీ కలం పట్టదు. ఆ మూడు వాక్యాలు గైడులో దొరికేవి కావు.

ప్రభుత్వం తన వంతు చేస్తున్నది. 2016 నుంచి మన రాష్ట్రంలో మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మాధ్యమంలో నడుస్తున్నవి. 2022లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినారు. అదే ఏడు ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా రావాలని 'తొలిమెట్టు' మొదలుపెట్టినారు. సంతోషమే. కాని బోర్డు మీద మాధ్యమం పేరు మారినంత మాత్రాన పిల్లవాడి నోట మాట రాదు. ఇంట్లో మాట్లాడే భాషలో అర్థం చెప్పేవారు లేకపోతే, ఉర్దూ రాక, ఇంగ్లీషు రాక, రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

కాబట్టి సంఘానికి మా మనవి మూడు ముక్కల్లో. మొదటిది, అసర్ నుంచి మగ్రిబ్ వరకు ఒక గది ఇవ్వండి, పిల్లలు చదువుకొనే చోటుగా. చిన్న చిన్న ఇంగ్లీషు కథల పుస్తకాలు, పాత వార్తాపత్రికలు చాలు. రెండవది, ఇంటర్, డిగ్రీ చదివే మన ఆడపిల్లలు వారానికి రెండు రోజులు చిన్న పిల్లల చేత చదివించాలి. చెప్పేవారికీ లాభమే, వినేవారికీ లాభమే. మూడవది తల్లులకు. అమ్మా, మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. రొట్టె చేస్తూనే, "చదువు బేటా, వింటున్న" అనండి. అయినాక "ఏం చెప్పిండు?" అని అడగండి. దానికి ఫీజు లేదు. మేము మా వంతుగా రోజూ ఆ గదిలో కూర్చుంటామని ఈ సభలో మాట ఇస్తున్నాం.

ఆ అబ్బాయి గల్ఫ్‌కు వెళ్లినాడు. అప్పు తీరేదాక రానన్నాడు. అతనికి చేసిన లోపం మేము పూడ్చలేం. కాని అతని తమ్ముడు ఇప్పుడు మా తరగతిలోనే ఉన్నాడు. వాడి చేతికి రేపు ఏ కాగితం వచ్చినా, వాడే చదువుకొని, అర్థం చేసుకొని, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. మా కోరిక ఇంతే.

అల్లాహ్ మన పిల్లలకు ఇల్మును, మనకు ఆ బాధ్యత మోసే శక్తిని ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.