గేటు దగ్గర ఆగండి

పట్టా అందుకున్న పశువైద్య మిత్రులారా, వాళ్లను ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలారా,

గోస్తని సముద్రంలో కలిసే ఈ భీమిలిలో నేను కోళ్ల గురించే మాట్లాడతాను. ఆనందపురం, పద్మనాభం మండలాల ఫారాలు ఇక్కడికి దగ్గరే. మీలో కొందరి తొలి ఉద్యోగం అలాంటి చోటే మొదలవుతుంది.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్‌ఫ్లూ వచ్చింది. సరిగ్గా ఏడాదికి గోదావరి జిల్లాల వంతు. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం నుంచి భోపాల్ ప్రయోగశాలకు వెళ్లిన నమూనాల్లో హెచ్5ఎన్1 తేలింది. చుట్టూ పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు.

తప్పంతా వలస పక్షుల మీదికి నెట్టేయడం తేలిక. పక్షి రెట్ట షెడ్డు బయట పడుతుంది. దాన్ని లోపలికి మోసేది మనమే. చెప్పులు, గుడ్ల ట్రేలు, దాణా సంచులు, కోళ్ల వ్యాను చక్రాలు. వాటిలో డాక్టరు బూటు కూడా ఉందని ఈ వేదిక మీదే చెప్పాలి. కోళ్లు చస్తున్నాయని పిలిస్తే పరుగెత్తి, అదే బూటుతో పక్క ఫారంలో అడుగుపెట్టే డాక్టరు రోగానికి దారి చూపినట్టే. ఆరోగ్యంగా ఉన్న కోళ్లను ముందు చూడండి, జబ్బువాటిని చివర. లోపలికి ఫారం వాళ్ల చెప్పులే వేసుకోండి. రెట్ట అంటిన బూటును మందునీళ్లలో ముంచితే సరిపోదు. బ్రష్‌తో రుద్ది కడిగాకే మందు పనిచేస్తుంది.

పెరటి కోళ్లను చిన్నచూపు చూడకండి. ఓ తల్లి పెంచుకునే పది నాటుకోళ్లకు కొక్కెర రోగం వస్తే ఆ ఇంటి ఆదాయమే పోతుంది. టీకా ఆమె గుమ్మం దాకా చేర్చండి. సంక్రాంతి బరి నుంచి వచ్చిన పుంజును రెండు వారాలు విడిగా కట్టమనండి.

అన్నిటికంటే కష్టమైన పని, రైతు చేత నిజం చెప్పించడం. రోగం సంగతి చెబితే కోళ్లన్నిటినీ చంపిస్తారని అప్పు మీద షెడ్డు వేసినవాడికి భయం ఉంటుంది. అందుకే చచ్చినవి కాలువ పాలు, మిగిలినవి రాత్రికి రాత్రే వ్యాను పాలు. కానీ పరిహారం ప్రభుత్వం చంపించిన కోళ్లకే, అప్పటికే చచ్చినవాటికి రాదు. తొలిరోజే కబురు పెట్టడం రైతుకే లాభమని కూర్చోబెట్టి లెక్క వేసి చూపండి. కోళ్లు ఎక్కువగా చస్తే ఎవరికి ఫోన్ చేయాలో షెడ్డు గోడ మీద రాయించండి. అక్కడ మీ నంబరే ఉండాలి.