పైరుమందులును, కూలివారి చేతులును



సరూర్‌నగరమున కాపురముండి గ్రామములలోని భూములను కూలివారిచే సాగుచేయించువారు మనలో ననేకులు గలరు. ఇచ్చటి రైతుబజారులో వంకాయలు బేరమాడునపుడు, వానిపై జల్లిన మందు మన కడుపున జేరునేమో యని భయపడుదుము. జల్లిన చేతులను గూర్చి తలంపము. నేటి మా ప్రసంగము ఆ చేతులను గూర్చియే.

ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమందలి అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో లిండేను క్యాన్సరు కలిగించునని నిర్ణయించెను, డి.డి.టి., మలాథియాను, గ్లైఫోసేటులను బహుశః కలిగించువానిలో జేర్చెను. గ్లైఫోసేటు విషయమున నిపుణులలో వివాదము గలదు. మందు ముట్టిన ప్రతివానికిని రోగము వచ్చునని బెదరించుట మా యుద్దేశము గాదు. అమెరికాలో 1993లో ఆరంభించి, సుమారు 89,000 మందిని పరిశీలించిన పరిశోధనమున, పొగత్రాగుట తక్కువగుటచేత రైతులకు కొన్ని క్యాన్సరులు తక్కువగనే కనబడినవి. ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరును, కొన్ని రక్తసంబంధమైనవియు మాత్రము హెచ్చుగ నుండెను.

మందు ముక్కుననే పోవునని మనవారి నమ్మకము. పెక్కుమందులు చర్మము గుండ నెక్కువగ బ్రవేశించును. లండనులో పొగగొట్టములు శుభ్రపరచు పనివారికి చర్మమున నంటిన మసివలన క్యాన్సరు వచ్చుచున్నదని పాట్ అను శస్త్రవైద్యుడు 1775లోనే వ్రాసెను.

మా పాలేరొకడు ఇరువదేండ్లు మా చేనిలో వట్టిచేతులతో మందు కలిపెను. ముఖమునకు గుడ్డ కట్టుకొమ్మని చెప్పితిమే గాని, తొడుగులు కొనియీయమైతిమి. అతడు రక్తపు క్యాన్సరుతో మరణించెను. అది మందువలననే యని యే వైద్యుడును జెప్పలేదు, చెప్పుటకును వీలులేదు. కాని యతని భార్య ఆ తడిసిన బట్టలను పసిపిల్లల బట్టలతో గలిపి యుదుకుచుండగా మేము గట్టుపై నిలిచి చూచియుంటిమి. అది మరపునకు రాదు.

జనగామ జిల్లాలోని ఏనబావి గ్రామస్థులు రసాయనములనే విడిచి సేద్యము చేసి చూపిరి. అంతపని మనవలన నిప్పుడే కాకపోవచ్చును. గుడ్డతొడుగులు మందును పీల్చును గనుక రబ్బరువి యిండు. నిండుచేతుల చొక్కాలు, సబ్బు, చేనివద్దనే స్నానమునకు నీళ్లు నుంచుడు. ఆ బట్టలు వేరుగ నుదికింపుడు. ఎండలో తొడుగులు భరింపలేక తీసివేయుదురని మీరనవచ్చును. నిజమే. గాలిలేని తెల్లవారుజామున కొట్టించి, పూటపనికే పూర్తికూలి యిండు.

వసతిగృహమునకు చందాలు వేయుచున్నారు, సంతోషము. ఆ చిట్టాలోనే కూలివారి వైద్యపరీక్షలకై మరియొక పద్దు తెరువుడని కార్యదర్శిగారిని కోరుచున్నాము. మొదటి చందా మాది. తొడుగులు ఆరుజతలు నిన్ననే దిల్‌సుఖ్‌నగరులో కొంటిమి. వలసినవారు సభానంతరమున వచ్చి చూడవచ్చును.