నల్లచౌడు – దాని నివారణము

కదిరి ప్రాంతమున వాన స్వల్పము, ఎండ యధికము. చెఱువు క్రింది పల్లపు చేలలో మురుగు పోవు దారి లేనిచో నీరు ఆవిరియై, ఉప్పులు నేలపై నిలుచును. వానిలో సోడాక్షారము మిక్కుటమైనచో నేల నల్లబడి, గుంటలలోని నీరు కషాయమువలె కనబడును. ఇదియే నల్లచౌడు. ఈ నలుపును సారమునకు గుఱుతని తలంచుట పొరపాటు.

ఆకు, పెంట కుళ్లగా నేర్పడు మట్టిసారములో అధికభాగము ఆమ్లగుణము గలది. మంచి నేలలో నది నీట కరగక మన్నును అంటియుండును. క్షారము సోకినచో లవణముగా మాఱి కరగిపోవును. 1786లో జర్మను రసాయనజ్ఞుడు అకార్డు, పీటు అను కుళ్లిన నాచుమన్నునుండి ఇట్టి సారమును క్షారజలముతో దీసి, ఆమ్లము కలిపి, నల్లని పదార్థమును మరల అడుగునకు దింపెను. చౌడుచేలలో జరుగునది ఇందలి మొదటి క్రియయే. రైతు తోలిన యెరువే కరగి నీటి పాలగుచున్నది.

వేరుసెనగకు వేయు జిప్సమే దీనికి మందు. అందలి సున్నపు అంశము క్షారమును విఱిచి, సారమును మరల మన్నున నిలుపును. వట్టి సున్నము ఈ పనికి రాదు. అది క్షారమును హెచ్చించును.

మొదట మురుగుకాలువ త్రవ్వవలెను. పిమ్మట మన్ను పరీక్ష చేయించి, తేలిన తూకమున జిప్సమును చల్లి దున్ని, మంచినీరు నిలిపి, కాలువలోనికి విడువవలెను. పిదప జీలుగ విత్తి, పూతవేళ కలియదున్నుట మేలు. కాలువ లేనిచో జిప్సమునకైన వ్యయమెల్ల వ్యర్థము.