దేశ కాల పాత్రములు – మడ అడవి జీర్ణోద్ధారం
(పుష్యమాస సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



పుష్య బహుళ అమావాస్య సమీపిస్తున్నది. గోదావరీ తీరవాసులు దానిని చొల్లంగి అమావాస్య అంటారు. ఆనాడు కాకినాడ చెంత చొల్లంగిలో, తుల్యభాగ సముద్రంలో కలిసేచోట స్నానమాడి సప్తసాగర యాత్రకు బయలుదేరడం ఆచారం. గోదావరి పాయల సంగమస్థానాలను ఒక్కొక్కటిగా సేవించుకొంటూ, వశిష్ఠ సాగరంలో కలిసే అంతర్వేదికి చేరి, మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకొంటారు.

ఆ చొల్లంగి పక్కనే మడ అడవి ఉన్నది. 1978లో అభయారణ్యంగా ప్రకటితమైన కోరంగి అడవి అదే. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. యాత్రికులు స్నానం ముగించి, ఆ పచ్చదనం వంక ఒకసారి చూసి ముందుకు సాగిపోతారు. ఇటీవల కొందరు దాతలు నన్ను ఇలా అడుగుతున్నారు: “అయ్యా, అడవి క్షీణించిన చోట మా తల్లిదండ్రుల పేరున మొక్కలు నాటిస్తాము. అది పుణ్యకార్యమేనా?”

నిస్సందేహంగా పుణ్యకార్యమే. చెరువులు త్రవ్వించడం, తోటలు వేయించడం పూర్తధర్మమని పెద్దలు చెప్పినారు. అయితే గీతలో పదునేడవ అధ్యాయాన, సాత్త్విక దానానికి దేశము, కాలము, పాత్రము చూడవలెనని భగవానుడు ఉపదేశించినాడు. ఆ మూడింటినీ ఈ పనికి అన్వయించి చూద్దాము.

మొదటిది దేశం. మడచెట్టు బ్రతికేది నేలమీద కాదు, నీటిలోనూ కాదు. పోటు వచ్చినప్పుడు మునిగి, పాటు తీసినప్పుడు తేలే బురదలో. బురదలో గాలి ఆడదు గనుక తెల్లమడ, నల్లమడ తమ వేళ్ళను పైకి పంపి శ్వాసిస్తాయి. ఉప్పుపొన్న విత్తనం తల్లిచెట్టుమీదనే మొలకెత్తి, ఆ తరువాత బురదలో దిగుతుంది. ఇంత ఏర్పాటు చేసిన పరమాత్మ ఒక నియమం కూడా పెట్టినాడు: నీరు రావలెను, వచ్చిన నీరు పోవలెను.

పూర్వం వంటచెరకు కోసం చెట్లను మొత్తంగా నరికివేసిన చోట్ల ఏమైనదో వినండి. నీడ పోయినది. ఎండకు బురద ఎండి, క్రుంగి, పళ్ళెం వలె పల్లమైనది. పెద్ద పోటుకు వచ్చిన నీరు ఆ పళ్ళెంలో నిలిచిపోయి, ఇగిరి, ఉప్పును వదలినది. ఏళ్ళు గడిచేకొద్దీ ఉప్పు పేరుకొన్నది. సముద్రపు ఉప్పును ఓర్చే మడ కూడా ఆ ఉప్పును ఓర్వలేదు. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా ఎండిపోతాయి.

శిథిలాలయాన్ని చూడగానే మనం కొత్త గోపురం కట్టము. పునాది ఎందుకు క్రుంగినదో ముందు చూస్తాము. అదే జీర్ణోద్ధార విధి. గోదావరి, కృష్ణా సంగమ ప్రాంతాలలో అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, తీరగ్రామాలవారు కలిసి ఇదే విధిని పాటించినారు. పాయ నుండి ఒక పెద్ద కాలువ త్రవ్వి, దానికి రెండువైపుల ఏటవాలుగా పిల్లకాలువలు తీసినారు. పైనుండి చూస్తే చేపముల్లు వలె ఉంటుంది. పోటునీరు లోపలికి వచ్చి, పాటుతో ఉప్పును కడిగి తీసుకొని పోతుంది. నేల కుదుటపడిన తరువాతనే మొక్క నాటినారు. అంటే ఈ వైద్యంలో ప్రధానమైన మందు నీటి రాకపోకలు. మొక్క పథ్యం వంటిది.

దేశ విచారంలో మరొక మాట. ఖాళీగా కనిపించే ప్రతి చోటూ చెట్టును కోరదు. పాటు వేళ బయటపడే బురదమేటలు వలసపక్షులకు అన్నసత్రాలు. ఇసుకతిన్నెలు సముద్రపు తాబేళ్ళకు పురిటిల్లు. అక్కడ సరుగుడు దట్టంగా నాటితే తాబేలు గుంట త్రవ్వుకోలేదు. శ్రీకూర్మంలో కూర్మనాథుని పూజించే జాతి మనది. ఆయన రూపం ధరించిన ప్రాణికి చోటు లేకుండా చేసి దానిని వృక్షదానమని చెప్పుకోరాదు.

రెండవది కాలం. ఇక్కడ పంచాంగం ఎంత ఉపయోగమో చూడండి. అమావాస్యకు, పూర్ణిమకు పోటు పెద్దది. అష్టమి ప్రాంతంలో చిన్నది. మనం స్నానానికి చూసే తిథినే కాలువ త్రవ్వేవారూ చూస్తారు. అమావాస్య పోటు ఎంతవరకు ఎక్కినది, అష్టమి పోటు ఎక్కడ ఆగినది అని గుర్తు పెట్టుకొంటేనే ఏ నేల ఎన్నాళ్ళు మునుగుతుందో, ఏ మొక్క ఎక్కడ బ్రతుకుతుందో తెలుస్తుంది.

కాలంలో ఓర్పు కూడా ఉన్నది. కాలువ త్రవ్విన ఏడాదే ఫోటో తీయించుకొని వచ్చేస్తే, పోటుతో వచ్చిన ఒండ్రు దానిని పూడ్చివేస్తుంది. పూడిక తీయవలెను. పశువులు మొక్కలను మేయకుండా కాపలా ఉండవలెను. చనిపోయినవాటి స్థానంలో మళ్ళీ నాటవలెను. గుడిలో ప్రతిష్ఠ ఒక్కనాటిది, నిత్యార్చన ప్రతినాటిది. నిత్యార్చనకు నిధి లేని ప్రతిష్ఠను మన పెద్దలు మెచ్చలేదు.

మూడవది పాత్రం. ఈ దానానికి పాత్రులెవరు? ఆ నీటిలో వల వేసి బ్రతికే గంగపుత్రులు. ఏ పాయలో నీరు ఎటు తిరుగుతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. రొయ్యపిల్ల, పీతపిల్ల పెరిగేది మడవేళ్ళ నడుమనే గనుక అడవి బాగుపడితే ముందుగా ఫలితం అందేదీ వారికే. కాలువ త్రవ్వే కూలి, కాపలా జీతం వారి ఇంటికి చేరవలెను. ఏ చోట ఎప్పుడు వేట మానవలెనో నిర్ణయించేటప్పుడు వారిని పిలిచి కూర్చోబెట్టవలెను. వారిని అడ్డగించి పెంచిన అడవి నిలువదు.

ఆ అడవి వారికే కాదు, మనందరికీ కోట. 1839లో తుపాను ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టినది. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరులో కోనసీమ పడిన శోకం మీలో ఎందరికో జ్ఞాపకం ఉంటుంది. మడ అడవి తుపానును ఆపలేదు. అలల ఉద్ధృతిని తగ్గిస్తుంది, ఒడ్డు కోతను అరికడుతుంది. ఆ మాత్రపు తగ్గింపు తీరగ్రామంలో ఒక ఇల్లు నిలవడానికి చాలవచ్చును.

ఇక దాతలకు నా విన్నపం. అభయారణ్యంలో ఎవరికి వారు దిగి మొక్కలు నాటడం తగదు. అటవీశాఖ అనుమతితో, వారి పర్యవేక్షణలో జరగవలసిన పని అది. మీరు ద్రవ్యం ఇచ్చేటప్పుడు, “ఎన్ని మొక్కలు నాటుతారు?” అని అడగకండి. “ఈ నేలకు నీరు వచ్చి పోతున్నదా? మూడవ ఏట పూడిక ఎవరు తీస్తారు? బ్రతికినవెన్ని?” అని అడగండి. మొక్క పక్కన పేరు వ్రాసిన పలక కావాలని కోరవద్దు. పూడిక తీతకు పలక ఉండదు. ప్రత్యుపకారం కోరనిదే సాత్త్విక దానమని స్వామి చెప్పినది ఇటువంటి దానాన్ని గురించే అని నేను భావిస్తాను. పితరుల పేరు సంకల్పంలో చెప్పుకొంటే చాలును. అది చేరవలసిన చోటికి చేరుతుంది.

యాత్రికులకు మరి రెండు మాటలు. సంగమంలో స్నానం చేసి పాతబట్టలు, ప్లాస్టిక్ సంచులు నీటిలో వదలుతున్నారు. పోటు వాటిని తీసుకొని పోయి మడల శ్వాసవేళ్ళకు చుట్టబెడుతుంది. మన పాపం వదలించుకొనే పేరిట చెట్టుకు ఊపిరి ఆడకుండా చేయడం స్నానఫలం కాజాలదు. విడిచిన బట్ట వెంట తెచ్చుకోండి.

రెండవది, మన యాత్ర సాగే ఈ పుష్య మాఘాలే తాబేళ్ళు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టే రోజులు. పెద్ద దీపాలు చూస్తే తల్లి వెనుదిరుగుతుంది. పిల్ల సముద్రమని భ్రమించి దీపం వైపు నడిచి నశిస్తుంది. రాత్రివేళ తిన్నెలమీద పెద్ద విద్యుద్దీపాలు వెలిగించకండి. దైవదర్శనానికి మీ చేతి చిరుదీపం చాలును.

ఈ అమావాస్యనాడు చొల్లంగిలో అర్ఘ్యం విడిచేటప్పుడు, దోసిలి నుండి జారిన ఆ నీరు ఏ పాయలో పోయి, ఏ వేరును తడుపుతుందో ఒక్క క్షణం తలచుకోండి.

స్వస్తి.